ఆకలిని చదవడం – 3వ పాఠం: ఉత్తరం రాలేదా, చదివేవాళ్లు లేరా?

ఆకలి వేసిన వేళలు మూడు రోజులు నోటుపుస్తకంలో రాయమన్నాను కదా, అది దగ్గర పెట్టుకోండి. చివర్లో పని ఉంది.

మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో మాట తెలుగు, పిల్లల చదువు ఒడియా. పాతపట్నం నుంచి తాతగారు రాసిన ఉత్తరం చేతికొచ్చినా, ఎవరైనా చదివి వినిపిస్తే తప్ప మనవడికి అందులో ముక్క తెలియదు. ఉత్తరం అసలు రాకపోయినా, వచ్చి చదవలేకపోయినా తాతగారికి జవాబు అందదు. ఆ రెండింటికీ తేడా ఎలా పట్టాలన్నదే ఇవాళ్టి పాఠం.

ఒంట్లో కొవ్వు మెదడుకు రాసే ఉత్తరం లెప్టిన్ అనే హార్మోను. కొవ్వు పెరిగితే రక్తంలో ఇదీ పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాన్ని చదువుకుంటుంది. అక్కడ "తిను" అనే కణాలున్నాయి, "చాలు" అనే కణాలూ ఉన్నాయి. లెప్టిన్ మొదటివాటిని అణచి రెండోవాటిని లేపుతుంది.

అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో రెండు జాతుల లావు ఎలుకలు ఉండేవి, ఓబీ, డీబీ అని. చూడ్డానికి రెండూ ఒకటే, తిన్నకొద్దీ తినేవి. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఎలుకల్ని రెండేసి చొప్పున జతకుట్టి, ఒకదాని రక్తం ఇంకోదానికి చేరేలా చేశాడు. ఓబీని మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గించేసింది. డీబీని కలిపితే మాత్రం మామూలు ఎలుకే తిండి మానేసి చచ్చిపోయింది. డీబీ ఎప్పట్లాగే తింటూ ఉంది.

ఇక్కడ ఆగండి. ఎవరికి ఉత్తరం లేదు, ఎవరికి చదవడం రాదు? మీ జవాబు రాసుకున్నాకే కిందికి రండి.

ఓబీకి లెప్టిన్ తయారుకాదు, పక్క ఎలుకది అందగానే చదువుకుంది. డీబీకి లెప్టిన్ బోలెడుంది, దాన్ని చదివే గ్రాహకమే, అంటే కణం మీద లెప్టిన్‌ను అందుకునే భాగమే, చెడింది. ఆ ఉత్తరాలన్నీ పక్క ఎలుక మెదడుకు చేరి "చాలు, చాలు" అన్నాయి. కోల్‌మన్ ఇదంతా లెప్టిన్ పేరు కూడా పుట్టకముందే ఊహించాడు. లెప్టిన్ తయారీకి కావలసిన ఓబీ జన్యువు జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందానికి దొరికింది 1994లో.

మనుషుల్లో ఓబీ లాంటి లోపం బహు అరుదు. లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, మెదడే దాన్ని సరిగా పట్టించుకోదు. అందుకే ఇంకా లెప్టిన్ ఎక్కించినా పెద్దగా తగ్గరు. కష్టపడి తగ్గినవాళ్లకు ఇంకో చిక్కు. కొవ్వుతోపాటు లెప్టిన్ పడిపోతుంది, మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. మా వీధి పిన్నిగారు తగ్గి మళ్లీ పెరిగితే "నోరు కట్టుకోలేదు" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అది తప్పు మాట, ఆవిడతో చెప్పాను కూడా.

ఇప్పుడు పుస్తకం తీయండి. రోజూ తినే వేళకే వేసిన ఆకలి పక్కన "వేళ" అని రాయండి. చోడంబలి (రాగి అంబలి) తాగిన గంటకే వేసిందైతే ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. పొట్ట రాసే ఉత్తరం, గ్రెలిన్, వచ్చే పాఠంలో వస్తుంది, ఆ లెక్క అప్పుడు కావాలి.

ఒక ప్రశ్న కూడా. ఓబీనీ డీబీనీ జతకుడితే తిండి మానేది ఏది? కారణం రెండు వాక్యాల్లో రాసి ఉంచండి.