లెక్కలు నెట్‌లో నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా కోచింగ్ బోర్డులే, అయినా "అన్నా, లెక్కలు ఫోన్‌లో ఎక్కడ నేర్చుకోవాలి" అని అడిగేవాళ్లు తగ్గట్లేదు. చెప్తాను గానీ ఒక షరతు. పక్కన కాగితం, పెన్ను లేకుండా ఏ సైటూ తెరవొద్దు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి మూడు నెలలు వీడియోలు చూశాను, అంతా అర్థమైనట్టే ఉండేది, ఇంటికొచ్చి ఒక్క లెక్క చేయబోతే చెయ్యి కదిలేది కాదు.

బేసిక్స్ మర్చిపోయుంటే ఖాన్ అకాడమీ, ఉచితం. మొదటి వీడియో నుంచి చూసుకుంటూ పోకండి, ముందే కోర్స్ ఛాలెంజ్ అనే పరీక్ష రాసి, తప్పులు పోయిన చోటే చదవండి. నేను భిన్నాల దగ్గరే దొరికిపోయాను.

తర్వాత డెస్మోస్, గ్రాఫ్‌లు గీసి చూపించే సైటు. వర్గ సమీకరణాన్ని ఏ, బీ, సీ అక్షరాలతోనే టైప్ చేస్తే మూడింటికీ స్లైడర్లు ఇస్తుంది. ఏ ఒకటి దగ్గర ఉంచి బీ మాత్రం జరపండి. పారాబోలా, అంటే తెరమీద వచ్చే గిన్నెలాంటి వంపు, ఊరికే పక్కకి జరుగుతుందనుకుంటాం, కానీ దాని కొన కింద నుంచి పైకెక్కి మళ్లీ దిగుతూ ఇంకో పారాబోలా గీస్తుంది, అదీ తలకిందులుగా! ఎందుకో తేల్చడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. కొన ఎక్కడుందో సూత్రం రాసి, అందులోంచి బీ ని తీసేయండి, వచ్చేస్తుంది.

కాలిక్యులస్ అంటే టెన్షన్ ఉన్నవాళ్లు యూట్యూబ్‌లో త్రీబ్లూవన్‌బ్రౌన్ ఛానెల్‌లోని కాలిక్యులస్ సిరీస్ రోజుకొక్క వీడియో చూడండి, మధ్యలో ఆపి తర్వాత ఏమొస్తుందో ఊహించండి. ఇంజినీరింగ్ వాళ్లకు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటెల్ ఉంది, పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. లెక్క టైప్ చేస్తే జవాబిచ్చే ఉల్ఫ్రమ్ ఆల్ఫా సైటు సరిచూసుకోవడానికే, ముందే తెరిచారో అయిపోయినట్టే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఓఈఐఎస్, నీల్ స్లోన్ 1964లో మొదలుపెట్టిన సంఖ్యల వరుసల భండారం. ఒక వృత్తం మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా వాటితో గీతలు గీసి కలపండి. లోపల ఎన్ని ముక్కలయ్యాయి? చుక్కలు పెరిగేకొద్దీ 1, 2, 4, 8, 16. ఆరో చుక్కకి 32 అనేస్తాం, మూడు గీతలు ఒకేచోట కలవకుండా జాగ్రత్తగా గీస్తే 31 వస్తుంది. లెక్క తప్పిందేమోనని మూడుసార్లు గీశాను. ఆ వరుస అక్కడ టైప్ చేయండి, సూత్రంతో సహా దొరుకుతుంది.

పైథాన్‌లో ప్రోగ్రాంలు రాయడం వచ్చినవాళ్లకు ప్రాజెక్ట్ ఆయిలర్, ప్రోగ్రాం రాసి తేల్చే లెక్కల ప్రశ్నల సైటు. మొదటి ప్రశ్న, 1000 లోపు 3 లేదా 5 గుణిజాల మొత్తం ఎంత. దీనికి మాత్రం ప్రోగ్రాం రాయకండి, టెన్త్‌లో చదివిన అంకశ్రేఢి చాలు, 15 గుణిజాలు రెండుసార్లు పడకుండా చూసుకోండి.