మిర్చి పొలం ఉన్నోళ్ళు ఏడాది పప్పూ కూరా ఇంట్లోనే పండించుకోవడం ఎలా

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు వెళ్తే ఎటు చూసినా మిర్చి, పత్తే, కానీ ఆ రైతే సాయంత్రం కూరగాయల ఆటో దగ్గర నిలబడి అరకిలో బెండకాయలకి బేరమాడుతుంటాడు. రేటున్న ఏడాది ఇదెవరికీ పట్టదు గానీ 2021లో నల్ల తామర పురుగొచ్చి పూతంతా రాలిపోయినప్పుడు మా పిన్నోళ్ళ కంచంలోంచి ముందు పోయింది పప్పు, తర్వాత కూర, రేషన్ బియ్యం మాత్రం మిగిలాయి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైనే రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, కడుపు నిండినా అదీ ఆకలే కదా.

మిర్చి మానేయమని చెప్పట్లేదు, ఎకరంలో పది సెంట్లు, దొడ్లో రెండు సెంట్లు చాలు. ముందు ఒక నెల బియ్యం కాకుండా తిండికి కొన్నదంతా నోట్‌బుక్‌లో రాయండి. పిన్ని రాస్తే నెలకి రెండున్నర కిలోల కందిపప్పు తేలింది, అంటే ఏడాదికి 30 కిలోలు.

అందుకే ఆ పది సెంట్లలో కంది. తొలకరి పడ్డాక పావుకిలో విత్తనం సరిపోద్ది, సాళ్ళ మధ్య పెసర వేస్తే అది 65-70 రోజుల్లోనే చేతికొచ్చేస్తది, కంది సంక్రాంతి దాకా ఉంటది. ఈ ముక్క మిర్చికి ఆనుకుని ఉండకూడదు. మిర్చి చుట్టూ పురుగుకి అడ్డంగా రెండు మూడు వరుసలు జొన్న వేస్తారు చూడండి, అది అడ్డానికే, తిండికి కాదు, కొట్టిన మందంతా దాని మీదే పడుద్ది. మేం మొదటేడు తెలివి తక్కువగా గట్టు మీదే గోంగూర వేశాం, పిన్ని ముచ్చటపడి ఒడి నిండా కోసుకొస్తే బాబాయ్ వాసన చూసి మొత్తం పారబోయించాడు.

పండించడం కంటే దాచడం దగ్గరే అందరూ దెబ్బతింటారు. కందులు బాగా ఎండాలి, ఎండాయో లేదో తెలియాలంటే గింజ పంటి కింద పెట్టి కొరకండి, టక్కున పగిలితే ఓకే, అణిగితే ఇంకో రెండెండలు పడాలి. గింజగా ఉంచేస్తే పుచ్చు పట్టుద్ది, పప్పుకి అంతగా పట్టదు, కాబట్టి విత్తనానికి కాసిని పక్కన పెట్టి మిగతాదంతా పప్పు చేయించేయండి. పిన్ని ఇప్పటికీ ఎర్రమట్టి నీళ్ళు పట్టించి, ఆరబెట్టి, తిరగలిలో విసురుద్ది, మిల్లుకి పంపినా పర్లేదు గానీ ఆ పప్పు రుచి వేరు అంటది (నాకైతే తేడా తెలియలేదు, ఆవిడకి మాత్రం చెప్పకండి). పోయినేడు 40 కిలోల కందులకి 28 కిలోల పప్పొచ్చింది. డ్రమ్ములో నీడన ఎండిన వేపాకు కలిపి మూత బిగించాలి, తడి చెయ్యి పెట్టారంటే అంతే సంగతులు.

ఇంక దొడ్డి. మనది నల్లరేగడి, రెండు వానలు పడితే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళిపోద్ది, అందుకని మడి జానెడు ఎత్తు చేసుకోండి. తోటకూర నెలలోపే కోతకొస్తది, గోంగూర, బెండ, పందిరికి సొర, ఓ మూల మునగ, కరివేపాకు. బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూరలకి, సబ్బు నీళ్ళు అరటికి. ఎరువు కొనక్కర్లేదు, 20 లీటర్ల బకెట్ నీళ్ళలో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, మందు పడని గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి రెండ్రోజులు నీడన ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పితే జీవామృతం రెడీ.

పొలం లేనోళ్ళకి, మిర్చి కోతలకి వేరే జిల్లాల నుంచి వచ్చే కూలీలకి ఒక మాట చెప్పండి: రేషన్ కార్డు సొంతూళ్ళోనే వాడాలని లేదు, ఇక్కడి షాపులో వేలిముద్ర వేసినా బియ్యం ఇవ్వాలి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. డీలర్ కుదరదంటే 1967కి ఫోన్ కొట్టడమే.

విత్తనం మాత్రం ఏటా కొనకండి, పందిరి మీద మొదట్లో కాసిన మంచి సొరకాయ ఒకటి కోయకుండా వదిలేసి, ఊపితే లోపల గింజలు గలగలమనే దాకా ఆగండి. పిన్ని ఈసారి రెండొదిలింది, ఒకటి నాకంట.