ఫ్లెక్సీ అచ్చుకు ఇచ్చే ముందు నలుపు తెలుపులో చూసుకోండి

దుకాణానికి ఫ్లెక్సీ గానీ కరపత్రం గానీ వేయించేవారు, డిజైన్‌ను ఖరారు చేసే ముందు దాన్ని ఫోన్‌లోని ఫొటో ఎడిటర్‌లో తెరిచి, శాచురేషన్‌ను (రంగుల గాఢతను) పూర్తిగా తగ్గించి నలుపు తెలుపులో చూసుకోవడం మంచిది. అలా చూసినప్పుడు అక్షరాలు వెనుక రంగులో కలిసిపోతే, రంగుల్లో ఎంత అందంగా ఉన్నా దారిన వెళ్లేవారి కంటికి అవి ఆనవు. ముదురు ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ అక్షరాలు తరచుగా ఇక్కడే దెబ్బతింటాయి. పైగా వర్ణాంధత్వం ఉన్నవారిలో ఎక్కువమంది తికమకపడేది ఈ రెండు రంగుల దగ్గరే. పసుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు నిలుస్తాయి. తెలుగులో వత్తులు, గుడులు చిన్నవిగా ఉంటాయి కనుక మనకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. ఆవకాయ అమ్మేవారు ఎర్రని పచ్చడిని ఎర్రని నేపథ్యం మీద పెడితే ముక్క, ఆవపిండి, నూనె ఏవీ విడిగా కనిపించవు. అదే జాడీని లేత గోధుమ రంగు గుడ్డ మీద ఉంచి, పక్కనుంచి పడే కిటికీ వెలుతురులో తీస్తే పైకి తేలిన నూనె మెరుపే నోరూరిస్తుంది. పది చిన్న ఫొటోలకన్నా అటువంటి పెద్ద ఫొటో ఒక్కటి మేలు.

తెర వెలుగుతో రంగును చూపిస్తుంది, అచ్చుయంత్రం సిరాలతో చూపిస్తుంది. అందువల్ల మెరిసే నారింజ, చిలకపచ్చ రంగులు అచ్చులో కాస్త మందగిస్తాయి కాబట్టి ముందుగా చిన్న నమూనా ముక్క అడిగి తీసుకోండి. ఫొటోను వాట్సాప్‌లో పంపేటప్పుడు నాణ్యత తగ్గకుండా డాక్యుమెంట్‌గానే పంపండి.