గవర్నమెంట్ ఆఫీసులో క్లౌడ్, ఏఐ ఎలా మొదలుపెట్టాలి? తపాల్ రిజిస్టర్ దగ్గర్నుంచే

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ గవర్నమెంట్ ఆఫీసుకెళ్ళినా ఈ మధ్య ఒకటే మాట, మనం కూడా క్లౌడ్‌కి వెళ్ళాలి, ఏఐ పెట్టాలి అని. క్లౌడ్ అంటే మన ఫైళ్ళు ఆఫీసులోని కంప్యూటర్‌లో కాకుండా ఇంటర్నెట్ ద్వారా వేరేచోటి సర్వర్లలో పెట్టుకోవడం. మంచిదే, వెళ్ళాల్సిందే. కానీ ఎక్కడ మొదలెట్టాలో ఎవరూ చెప్పరు, ప్రెజెంటేషన్ చూపించి వెళ్ళిపోతారు, సెక్షన్‌లో కూర్చున్న జూనియర్ అసిస్టెంట్‌కి మాత్రం సోమవారం పొద్దున్న వచ్చి ఏం చెయ్యాలో తెలీదు. ఇలాంటి ఆఫీసుల్లో సిస్టమ్స్ పని చూస్తూ పదేళ్ళు పైనే అయింది నాకు, ఆ జూనియర్ అసిస్టెంట్ కోసమే ఇది రాస్తున్నా. మున్సిపాలిటీ అయినా ఆస్పత్రి అయినా యూనివర్సిటీ అయినా వరస దాదాపు ఇదే.

మొదటి పని: ఒక్క పని ఎంచుకోండి

ఆఫీసు మొత్తం ఒకేసారి మార్చాలని చూడొద్దు. నన్నడిగితే తపాల్ సెక్షన్‌తో, అంటే వచ్చే అర్జీలతో మొదలెట్టమంటా. ఎందుకంటే జనానికి ఆఫీసంటే అదే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర వచ్చాక ఫోన్‌లో వాట్సాప్ తెరిచి సర్టిఫికెట్ అడగడం జనానికి అలవాటైపోయింది, అలాంటి మనిషి మీ ఆఫీసుకొచ్చి కాగితం ఇచ్చి మూడు వారాల తర్వాత "నా అర్జీ ఎక్కడుందండీ" అని అడిగితే లావుపాటి ఇన్వర్డ్ రిజిస్టర్ పేజీలు తిప్పుకుంటూ వెతకడం ఏం బావుంటుంది చెప్పండి.

ముందు ఒక రెండు వారాలు లెక్క రాయండి. రోజుకి ఎన్ని అర్జీలు వస్తున్నాయి, ఏ సెక్షన్‌కి ఎన్ని వెళ్తున్నాయి, తప్పు సెక్షన్‌కి వెళ్ళి వెనక్కొచ్చినవి ఎన్ని, ఒక్కోటి టేబుల్ దాటడానికి ఎన్ని రోజులు పడుతోంది. నోట్‌బుక్‌లో రాసుకున్నా చాలు. ఈ లెక్క లేకుండా మొదలెడితే ఆర్నెల్ల తర్వాత పని బాగుపడిందో లేదో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

రెండోది: డేటాని మూడు కుప్పలు చెయ్యండి

ఎవరైనా చూడొచ్చు అనేవి ఒక కుప్ప, అంటే జీవోలు, టెండర్ నోటీసులు, ఫోన్ నంబర్ల లిస్టు. ఆఫీసు లోపలివి రెండో కుప్ప, ఫైల్ నోట్స్ లాంటివి. మనుషుల సొంత వివరాలు మూడోది, ఆధార్, బ్యాంక్ అకౌంట్, జబ్బుల వివరాలు, కులం. ఈ మూడో కుప్ప దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పథకాల కోసం వివరాలు తీసుకోడానికి 2023 డేటా రక్షణ చట్టం గవర్నమెంట్‌కి వెసులుబాటు ఇచ్చింది గానీ తీసుకున్నవాటిని భద్రంగా ఉంచాల్సిన బాధ్యత అలాగే ఉంది.

ఫ్రీగా దొరికే చాట్‌బాట్‌లో అర్జీ ఫోటో పెట్టేసి "దీన్ని ఇంగ్లీషులోకి మార్చు" అనడం నేను కళ్ళారా చూశాను, ఆ ఫోటోలో ఆధార్ నంబర్ స్పష్టంగా కనిపిస్తోంది. ఆ అబ్బాయి చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు, పని తొందరలో చేశాడు. కానీ ఒకసారి వెళ్ళిపోయిన నంబర్ వెనక్కి రాదు. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకి ఆఫీస్ కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని చెప్పింది ఇందుకే. మీ ఆఫీసులో కూడా ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అని ఒక్క పేజీ సర్క్యులర్ తెలుగులో తీసి గోడకి అంటించండి.

మూడోది: ఎక్కడ పెట్టాలి

మీ ఆఫీసుకి మూడు దార్లున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నడిపే క్లౌడ్ ఒకటి, ప్రభుత్వ క్లౌడ్ కోసం కేంద్రం పెట్టిన మేఘ్‌రాజ్ కార్యక్రమం కింద 2014లో మొదలైంది, ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లో వాళ్ళ డేటా సెంటర్లున్నాయి. రెండోది రాష్ట్ర ప్రభుత్వ డేటా సెంటర్. మూడోది ప్రైవేటు కంపెనీలు, అయితే కేంద్ర ఐటీ శాఖ ఎంప్యానెల్ చేసి, అంటే తన ఆమోద జాబితాలో చేర్చి, ఆ శాఖ తనిఖీ విభాగం ఎస్‌టీక్యూసీ ఆడిట్ అయినవాటినే తీసుకోవాలి, ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్‌లో దొరుకుతాయి. డేటా మన దేశంలోనే ఉండాలన్నది ఆ ఎంప్యానెల్‌మెంట్ షరతుల్లోనే ఉంది.

చాలామంది రేటు చూసి ఆగిపోతారు, అగ్రిమెంట్‌లో చూడాల్సింది ఇంకోటుంది. రేపు మానేస్తే మా డేటా మాకు ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారు, దానికి చార్జి ఎంత. క్లౌడ్‌లోకి ఎక్కించడానికి మామూలుగా డబ్బులు తీసుకోరు, దించుకోడానికి తీసుకుంటారు. ఇది ముందే రాయించుకోండి.

నాలుగోది: బ్యాకప్, ఇది కాస్త ఓపిగ్గా చదవండి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా నీళ్ళలో ఉన్నప్పుడు అటువైపు ఒక ఆఫీసులో సర్వర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో టేబుల్ కింద ఉంది. బ్యాకప్ తీసిన హార్డ్ డిస్క్ ఎక్కడుందో తెలుసా, అదే టేబుల్ సొరుగులో. నీళ్ళు తీశాక సొరుగు లాగితే ఉబ్బిపోయి రాలేదు, పగలగొట్టి తీస్తే డిస్క్ నిండా బురద. పక్క బీరువాలో రిజిస్టర్లు ముద్దలైపోయాయి, పేజీలు విడదీస్తుంటే సిరా మొత్తం వేళ్ళకి అంటుకుంది. ఆ ముద్దలో ఎంతమంది ఇంటి కాగితాలున్నాయో తల్చుకుంటే ఇప్పటికీ నాకు మనసు పాడవుతుంది.

అయితే క్లౌడ్‌లో పెట్టేస్తే ఇంక భయం లేదా అంటే అదీ కాదు. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో దేజాన్ ఊళ్ళో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది, అక్కడి ఉద్యోగులు వాడే జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లో 858 టెరాబైట్లు పోయాయి, దానికి బయట ఎక్కడా ఇంకో కాపీ లేదు. అంత టెక్నాలజీ ఉన్న దేశంలోనే అలా అయింది.

అందుకని మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒక కాపీ వేరే ఊళ్ళో, ఇది పాత సూత్రం, ఇప్పటికీ పనికొచ్చేది. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ నిజంగా వెనక్కి తెచ్చి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అని లెక్కేసుకోకండి.

ఐదోది: తెలుగు శుభ్రం చెయ్యాలి

మన ఆఫీసుల్లో పాత ఫైళ్ళు చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసినవే. స్క్రీన్ మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల అంతా ఇంగ్లీషు గుర్తులే, కంప్యూటర్‌కి అది తెలుగని తెలీదు, వెతికితే దొరకదు, ఏఐకి ఇస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలోకి మార్చాలి, కన్వర్టర్లు దొరుకుతాయి కానీ వత్తుల దగ్గర తప్పులొస్తాయి, మనిషి ఒకసారి చూసుకోవాలి. ఇకనుంచి కొత్తగా టైప్ చేసేది యూనికోడ్‌లోనే అని గట్టిగా చెప్పేయండి.

పేర్లు ఇంకో తలనొప్పి. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వి. రావు, ముగ్గురూ ఒకరే కావచ్చు, వేరే కావచ్చు, ఇంటిపేరు ఒక కాగితంలో ముందు ఇంకోదాంట్లో వెనక. పేరు చూసి మెషిన్ కలిపేయకూడదు, ప్రతి అర్జీకి ఒక నంబర్ ఇచ్చి ఆ నంబర్‌తోనే నడపాలి.

ఆరోది: ఇప్పుడు ఏఐ

ఇక్కడిదాకా వచ్చాకే ఏఐ జోలికి వెళ్ళండి. మొదట ఇవ్వాల్సిన పని చిన్నది, అర్జీ చదివి ఏ సెక్షన్‌కి వెళ్ళాలో చెప్పడం, రెండు లైన్ల సారాంశం రాయడం. చదివి వినిపించడానికి, మాట్లాడింది రాయడానికి, అనువాదానికి కేంద్రం 2022లో తెచ్చిన భాషిణి ఉంది, తెలుగు అందులో ఉంది.

నేరుగా జనం మీద పెట్టేయకండి. పాత అర్జీలు ఒక 200 తీసుకోండి, సీనియర్ అసిస్టెంట్ ఏ సెక్షన్‌కి పంపారో మీకు తెలుసు కదా, ఏఐ ఏం చెప్పిందో పక్కన రాయండి. మేం ఇలా చూసినప్పుడు ఒక పెద్దావిడ అర్జీ వచ్చింది, నోట్‌బుక్ కాగితం, నీలం బాల్‌పెన్ను, మనవరాలితో రాయించినట్టుంది. మొదటి రెండు లైన్లు పింఛను ఆగిందని, మధ్యలో మా కాలవ మీద తూము కూలిందని, చివర్లో స్థలం రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ జాబితాలో పడిందని. ఏఐ దాన్ని పింఛను అని ఒక్కమాటలో తేల్చేసింది. మిగతా రెండూ అక్కడితో పోయేవే. ఒక అర్జీలో ఎన్ని సమస్యలున్నాయో ముందు విడగొట్టు, తర్వాతే సెక్షన్ చెప్పు అని మార్చి అడిగితే చాలావరకు సర్దుకుంది, అయినా ఫైనల్‌గా మనిషే టిక్ పెట్టాలని రూల్ పెట్టాం.

అర్జీ తిరస్కరించడం, పింఛను ఆపడం, ఎవరినైనా మోసగాడని గుర్తుపెట్టడం, ఇవి మెషిన్ చేతికి ఎప్పుడూ ఇవ్వొద్దు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో టాక్స్ ఆఫీసు ఇలాగే రిస్క్ లెక్కలు కట్టే అల్గారిథమ్ వాడింది, అందులో పౌరసత్వం కూడా ఒక లెక్క, చివరికి వేల కుటుంబాలు తప్పుగా మోసగాళ్ళయి అప్పులపాలయ్యాయి, 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర పింఛను ఒక్క నెల ఆగితే ఆ ఇంట్లో మందులు ఆగిపోతాయి.

ఏడోది: తాళాలు, బిల్లు, బదిలీలు

సెక్షన్ మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ వద్దు, ఎవరిది వాళ్ళకి ఇచ్చి ఓటీపీ పెట్టండి. ఎవరు ఎప్పుడు ఏ ఫైల్ తెరిచారో ఆ లాగ్‌లు 180 రోజులు దాచాలి, ఏదైనా సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలి, 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు ఇవి, గవర్నమెంట్ ఆఫీసులకీ వర్తిస్తాయి.

క్లౌడ్ బిల్లు కరెంటు బిల్లు లాంటిది, వాడినంత పడుతుంది, మన బడ్జెట్ ఏమో ఏడాదికింత అని శాంక్షన్ అవుతుంది. అందుకని సగం దాటగానే ఒక అలర్ట్, 80 శాతం దగ్గర ఇంకోటి పెట్టుకోండి, అలర్ట్ మీకొక్కరికే కాకుండా అకౌంట్స్ సెక్షన్‌కి కూడా వెళ్ళాలి.

ఇంకొకటి, అడ్మిన్ అకౌంట్ ఆఫీసు మెయిల్ మీదే తెరవండి. ఒకచోట ఓటీపీ ఒక ఉద్యోగి సొంత ఫోన్‌కి వచ్చేది, ఆయనకి బదిలీ అయింది, కొత్త ఊళ్ళో నంబర్ మార్చేశారు, ఇక్కడ పదకొండు రోజులు ఎవరూ లోపలికి వెళ్ళలేకపోయారు. చార్జి అప్పగించే కాగితంలో బీరువా తాళాలు, స్టాంపులు రాస్తాం కదా, ఆ లిస్టులోనే క్లౌడ్ అకౌంట్ల పేర్లు, ఓటీపీ ఏ నంబర్‌కి వస్తుందో కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.