చిప్పుల కొలతలు - 4వ పాఠం: మిల్ వేరు, మిల్లీమీటర్ వేరు

ఈసారి నానోమీటర్లు మొదలుపెడదామనుకున్నాను, కానీ పోయిన పాఠం లెక్కలకి మీరు పంపిన జవాబులు చూశాక ఆపేశాను. 1 మిల్ మందం ఉన్న బంగారు బాండింగ్ వైర్ (చిప్పుని బయటి కాళ్ళకి కలిపే సన్నటి తీగ) మెట్రిక్‌లో ఎంత అంటే చాలామంది 1 మి.మీ. అని రాశారు.

మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 25.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసేవాళ్ళు థౌ అనేది దీన్నే, బెజవాడ వాళ్ళు వినే ఉంటారు. డై (చిప్పు లోపలి సిలికాన్ ముక్క) మీద ఆ వైర్‌ని అతికించే ప్యాడ్ చాలా చిప్పుల్లో 100 మైక్రాన్ల వెడల్పు కూడా ఉండదు, మరి 1 మి.మీ. వైర్ దాని మీద ఎక్కడ కూర్చుంటుంది? జవాబు రాగానే ఆ వస్తువు పట్టే చోటుతో ఒకసారి పోల్చి చూడండి. నేనైతే ఏ లెక్కయినా ముందు మైక్రాన్లలోకి మార్చేసి, ఆ తర్వాతే గుణకారం మొదలుపెడతాను.

ఇక వేఫర్ (డైలు కోసే గుండ్రటి సిలికాన్ పలక) సంగతి. 12 అంగుళాలది అని నోటితో అంటాం గానీ దాని అసలు వ్యాసం 300 మి.మీ., 304.8 కాదు. 304.8 వేసుకుంటే వైశాల్యం దాదాపు 2,280 చ.మి.మీ. ఎక్కువ వస్తుంది, 5×5 మి.మీ. డైలైతే లేనివి 90 దాకా ఉన్నట్టు లెక్క తేలుతుంది. 8 అంగుళాలది 200, 6 అంగుళాలది 150. పాత 2, 3 అంగుళాల వేఫర్లు మాత్రం నిజంగానే 50.8, 76.2.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది 0603 అనే సైజు కోడ్, బోర్డు మీద అతికించే చిన్న రెసిస్టర్ల లాంటి భాగాలకి వాడేది. అంగుళాల కోడ్‌లో అది 1.6×0.8 మి.మీ. రెసిస్టర్, దాన్నే మెట్రిక్ కోడ్‌లో 1608 అంటారు. మెట్రిక్ కోడ్‌లో 0603 అంటే 0.6×0.3 మి.మీ., అది అంగుళాల కోడ్‌లో 0201. నంబర్ ఒకటే, భాగాలు రెండు! గుంటూరులో ఒక పాలిటెక్నిక్ విద్యార్థి ప్రాజెక్ట్ బోర్డుకి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండోది వచ్చింది, చేత్తో సోల్డర్ చేయడం అతని వల్ల కాలేదు. షాపులో అడిగినా, ఆన్‌లైన్‌లో కొన్నా కోడ్ పక్కన పొడవు, వెడల్పు మి.మీ.లలో రాయండి. 0402తోనూ ఇదే తంటా.

అభ్యాసం: నాలుగు వైపులా 25 చొప్పున 100 కాళ్ళున్న ఐసీ, పిచ్ (పక్కపక్క కాళ్ళ మధ్య గీతల దూరం) 0.5 మి.మీ. బోర్డు గీసినవాడు పిచ్ 20 మిల్ వేశాడు. మొదటి కాలు సరిగ్గా కూర్చుంటే అదే వరుసలో చివరిది ఎన్ని మైక్రాన్లు జరుగుతుంది? ప్యాడ్ వెడల్పు 0.3 మి.మీ. అయితే ఆ బోర్డు పనికొస్తుందా, లేదా? కారణంతో సహా రాసి పంపండి.