ఎనర్జీప్లస్‌కి తగ్గ కంప్యూటర్ – 4వ పాఠం: ఆ 12 శాతం సంగతి

ఎనర్జీప్లస్ అంటే ఒక భవనం ఏడాది పొడవునా ఎంత వేడెక్కుతుందో, ఏసీకి ఎంత కరెంటు పడుతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్. అలా ఒకసారి లెక్క నడపడాన్ని రన్ అంటాం. ఈసారి ర్యామ్‌తో మొదలుపెట్టాల్సింది. కానీ పోయిన పాఠం అభ్యాసం చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: "ఏడాది రన్ నడుస్తున్నంతసేపూ సీపీయూ 12 శాతం దాటలేదండీ. మిషన్ ఖాళీగా ఉంటే రన్ ఎందుకింత సేపు?" ఒకరైతే బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి గ్రాఫిక్స్ కార్డు బేరం కూడా కుదుర్చుకున్నారు. దయచేసి ఆగండి. ఎనర్జీప్లస్ మామూలుగా గ్రాఫిక్స్ కార్డుని వాడుకోదు. నీడల లెక్కకి PixelCounting పద్ధతి ఎంచుకుంటేనే, అదీ ఆ లెక్క వరకే వాడుతుంది.

ఆ 12 శాతం ఖాళీకి గుర్తు కాదు. ఎనర్జీప్లస్ ఒక రన్‌ని దాదాపుగా ఒక్క కోర్ మీదే నడుపుతుంది. మీ మిషన్‌లో 8 లాజికల్ ప్రాసెసర్లుంటే (అంటే విండోస్ లెక్కలో విడివిడిగా పనిచేసే భాగాలు), వాటిలో ఒకటి ఊపిరాడకుండా పనిచేసినా మొత్తం మీద కనిపించేది 12.5 శాతమే. 16 ఉంటే 6 చిల్లర. అంటే ఇంకా ఖరీదైన మిషన్ కొంటే ఈ అంకె ఇంకా పడిపోతుంది! టాస్క్ మేనేజర్‌లో కోర్ల వారీ గ్రాఫ్ పెట్టుకున్నా ఏదీ నిండుగా కనబడకపోవచ్చు. విండోస్ ఆ పనిని ఒక కోర్ మీంచి ఇంకో కోర్ మీదికి మారుస్తూ ఉంటుంది. అందుకే శాతం చూడకండి, సమయం చూడండి. రన్ అయ్యాక eplusout.end ఫైలు తెరిస్తే పట్టిన సమయం సెకన్లతో సహా ఉంటుంది.

మిగతా కోర్లు ఎందుకు సాయం పట్టవు? బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు పడమటి గోడ తీసుకోండి, 230 మిల్లీమీటర్ల ఇటుక. మధ్యాహ్నం 3కి తగిలిన ఎండ వేడి లోపలికి దిగడానికి గంటలు పడుతుంది. 7 గంటల ఏసీ లోడు తేలాలంటే 6:50కి గది ఎంత వేడిగా ఉందో, అంతకుముందు గంటల్లో గోడ ఎంత వేడి దాచుకుందో తెలియాలి. లెక్క ఇలా పది నిమిషాలకో అడుగు (టైమ్‌స్టెప్) చొప్పున ముందుకెళ్తుంది. గంటకు 6 అడుగులు పెడితే ఏడాదికి 52,560 అడుగులు, ఒకదాని వెనక ఒకటే. అందుకని ఒక్క రన్ త్వరగా అవ్వాలంటే ఒక్క కోర్ వేగమే ముఖ్యం: కొత్త తరం ప్రాసెసర్, ఎక్కువ టర్బో గిగాహెర్ట్జ్. ల్యాప్‌టాప్‌ని చార్జర్ పెట్టే నడపండి. నేనైతే డెస్క్‌టాప్, దానికో యూపీఎస్ తప్ప ఇంకోటి చెప్పను. పలుచటి ల్యాప్‌టాప్ వేడెక్కగానే వేగం తగ్గించేసుకుంటుంది.

కోర్లు పనికొచ్చేది రన్లు ఎక్కువైనప్పుడు. భవనాల కరెంటు వాడకానికి అమెరికాలో రాసిన ప్రమాణం యాష్రే 90.1. దాని అపెండిక్స్ జి ప్రకారం బేస్‌లైన్ భవనాన్ని (మన డిజైన్‌ని పోల్చి చూసే నమూనాని) ఉన్న దిశలోనూ, 90, 180, 270 డిగ్రీలు తిప్పీ లెక్కించాలి. నాలుగూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, నాలుగు కోర్ల మీద ఒకేసారి నడుస్తాయి. అద్దాల రకాలు, షేడింగ్ లోతులు పోల్చేటప్పుడూ అంతే. పగటి వెలుతురు లెక్కలకు రేడియన్స్ వాడేవాళ్ల దారి వేరు. అక్కడ కోర్లు బాగా కలిసొస్తాయి, ఎన్‌విడియా కార్డు ఉంటే దాని మీద నడిచే రేడియన్స్ రూపం యాక్సెలరాడ్ కూడా ఉంది.

ర్యామ్ 16 జీబీ సరిపోతుంది, ఎక్కువ రన్లు కలిపి వేస్తే 32. ఎస్‌ఎస్‌డీ ఎలాగూ ఉండాల్సిందే. అయితే డిస్కు మార్చేముందు, ప్రతి గదికీ ప్రతి అడుగుకీ అడిగిన అవుట్‌పుట్లు తీసేయండి. ఫలితాలు రాసుకునే eso ఫైలు ఒక్కసారిగా చిక్కిపోతుంది.

అభ్యాసం: మీ మోడల్‌ని ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది కాపీలుగా, ఒక్కోదాన్ని వేరే ఫోల్డర్లో పెట్టి ఒకేసారి నడపండి. ప్రతిసారీ అన్నీ ముగియడానికి పట్టిన సమయాన్ని కాపీల సంఖ్యతో భాగించి రాసుకోండి. ఆ అంకె తగ్గడం ఎక్కడ ఆగిందో, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో గిగాహెర్ట్జ్ ఎంత చూపిస్తోందో రెండూ పంపండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఒకసారి, చార్జర్ పెట్టి ఒకసారి.