కొత్త లైసెన్స్ కుర్రాడి బండికి పవర్ తగ్గించే వాషర్లు బిగించడం

మా మేనల్లుడికి ఇరవయ్యేళ్లు. ఇక్కడే లెస్టర్‌లో పుట్టి పెరిగాడు. ఏ2 బైక్ టెస్ట్ పాసైన రోజే ఫోన్ చేశాడు. "మావయ్యా, యమహా ఆర్6 ఒకటి చూశాను. పవర్ తగ్గించే కిట్ వేసేసెయ్, వచ్చే వారం తెచ్చుకుంటా" అన్నాడు. "వెయ్యనురా" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు వెయ్యనన్నానో ముందు చెప్పి, తర్వాత పానాల సంగతికి వస్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో పని నేర్చుకున్నవాణ్ణి. మన దగ్గర 18 నిండి గేర్ల బండి లైసెన్స్ ఒక్కటొస్తే చాలు, స్ప్లెండర్ అయినా హయబుసా అయినా అదే కార్డు. ఇక్కడికొచ్చి బైక్ గ్యారేజీలో చేరిన కొత్తలో ఈ మెట్ల లెక్క నాకూ అర్థం కాలేదు. యూకేలో 19 ఏళ్లకి ఏ2 లైసెన్స్ తీసుకోవచ్చు. ఏ పరిమితీ లేని లైసెన్స్ కావాలంటే 24 నిండాలి, లేదా ఏ2 చేతిలో రెండేళ్లు ఉండి 21 దాటాక మళ్లీ టెస్ట్ పాసవ్వాలి. ఏ2 కుర్రాడు నడిపే బండికి మూడు షరతులున్నాయి. పవర్ 35 కిలోవాట్లు దాటకూడదు, అంటే సుమారు 47 హార్స్‌పవర్. బరువు కిలోకి 0.2 కిలోవాట్ల కంటే ఎక్కువ పడకూడదు. మూడోదాన్నే అందరూ మర్చిపోతారు: తగ్గించకముందు బండి అసలు పవర్, తగ్గించాక మిగిలే పవర్‌కి రెట్టింపు దాటకూడదు, అంటే 35కి దించేదైతే 70 కిలోవాట్లకి మించి ఉండకూడదు.

ఆర్6 ఏ సంవత్సరం మోడల్ తీసుకున్నా 80 కిలోవాట్లు దాటే ఉంటుంది. దాన్ని 35కి దించినా, 20కి దించినా, ఏ2 లైసెన్స్‌కి పనికిరాదు. కిట్ అమ్మేవాడు అమ్ముతాడు, బిగించేవాడు బిగిస్తాడు, రోడ్డు మీద ఆపినప్పుడు నిలబడేది మాత్రం కుర్రాడు. లైసెన్స్‌కి తగని బండి అంటే ఇన్సూరెన్స్ కూడా లేనట్టే లెక్క కట్టే ప్రమాదం ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 6 తప్పు పాయింట్లు. మొదటి లైసెన్స్ వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడ్డాయంటే ఆ లైసెన్సే రద్దయిపోతుంది.

కిట్ అక్కర్లేని బండ్లు కొనమనే నేను ముందు చెబుతాను. 2013 నుంచి వచ్చిన హోండా సీబీ500 బండ్లు ఫ్యాక్టరీ నుంచే 35 కిలోవాట్లతో వస్తాయి. చెన్నైలో తయారై ఇక్కడికొచ్చే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా సరిగ్గా 47 గుర్రాల బండే. అదే మావాడికి చూపిస్తే "అది అంకుల్ బండి మావయ్యా" అన్నాడు. చివరికి 2002 మోడల్ సుజుకి బాండిట్ 600 దగ్గర ఒప్పందానికొచ్చాం. దాని పవర్ సుమారు 57 కిలోవాట్లు, అంటే 70 లోపే. 35ని 0.2తో భాగిస్తే 175 వస్తుంది కాబట్టి బండి 175 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు. బాండిట్ రెండొందల కిలోలు దాటిన గేదె. మూడు షరతులూ కుదిరాయి.

ఇక వాషర్ల సంగతి. గాలినీ పెట్రోల్‌నీ కలిపే కార్బరేటర్‌కీ ఇంజన్ హెడ్‌కీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. అందులో, గొట్టం కంటే చిన్న రంధ్రం ఉన్న లోహపు బిళ్ల పెడతాం. కిట్ అంటే అదే. బాండిట్‌కి నాలుగు సిలిండర్లు కాబట్టి నాలుగు బిళ్లలు. సన్నటి స్ట్రాతో చెరుకురసం తాగినట్టు ఉంటుంది వ్యవహారం. మెల్లిగా తాగితే తేడా తెలీదు, గటగటా పీలిస్తే రాదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజన్‌కి గాలి తక్కువే కావాలి కాబట్టి బండి మామూలుగానే లాగుతుంది. ఆర్పీఎం పైకెళ్లేకొద్దీ గాలి చాలక పవర్ అక్కడే ఆగిపోతుంది.

కొన్ని కిట్లలో బిళ్లలు ఉండవు, యాక్సిలరేటర్ పూర్తిగా తిరగకుండా అడ్డుపెట్టే ముక్క ఉంటుంది. పది నిమిషాల పని. తీసెయ్యడం కూడా పది నిమిషాల పనే, అందుకే కొంతమంది కుర్రాళ్లకి అది మహా ఇష్టం. అందుకే నాకు ఇష్టం లేదు. కొన్ని కొత్త బండ్లకైతే వాషర్లతో పని లేదు, డీలర్ ల్యాప్‌టాప్ తగిలించి ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో, మ్యాప్ మారుస్తాడు. ఇంట్లో చేసే పని కాదది.

కిట్ చేతికి రాగానే నేను చేసే మొదటి పని వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసి నాలుగు రంధ్రాలూ కొలవడం. నాలుగూ ఒకటిగా ఉండాలి, కాగితం మీద రాసిన కొలతతో సరిపోవాలి. ఒకసారి ఒక కుర్రాడు ఎవరో వాడేసిన కిట్ చవగ్గా కొనుక్కొచ్చాడు. కొలిస్తే రంధ్రాలు మరీ సన్నం. పాత రూల్ కాలం నాటివి. 2013 జనవరి 19కి ముందు ఇక్కడ కొత్తవాళ్ల హద్దు 25 కిలోవాట్లు, అంటే 33 గుర్రాలు. ఆ వాషర్లు వేస్తే 57 కిలోవాట్ల బాండిట్ లాంటి బండి పవర్ సగం కంటే కిందికి పోయి మూడో షరతు తప్పుతుంది, పైగా రెండొందల కిలోల బండి కొండెక్కేటప్పుడు ఏడుస్తుంది. లేత్ మీద మనమే వాషర్లు తిప్పుకుందామనే ఆలోచన ఆటోనగర్ బుర్రకి వెంటనే వస్తుంది. నాకూ వచ్చింది. ఎంత రంధ్రానికి ఎంత పవర్ వస్తుందో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పరీక్షించి చూసిన కిట్‌కే సర్టిఫికెట్ ఇస్తారు. మన లేత్ బిళ్లకి ఎవరూ ఇవ్వరు.

పనికి దిగే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. షెడ్డు తలుపు తెరిచి పెట్టండి, దగ్గర్లో హీటర్ ఉండకూడదు, పెట్రోల్ తప్పకుండా కారుతుంది. సీటు తీసి బ్యాటరీ మైనస్ వైర్ ఊడదీయండి. ట్యాంక్ వెనక బోల్టులు విప్పి, వెనక్కి కొంచెం ఎత్తి పట్టుకుంటే కింద పెట్రోల్ కాక్‌కి రెండు పైపులు కనిపిస్తాయి. ఒకటి పెట్రోల్‌ది, సన్నది వాక్యూమ్‌ది. కాక్ "ఆన్"లో ఉంటే ఇంజన్ ఆగినప్పుడు పెట్రోల్ రాదు. "ప్రైమ్"లో ఉంటే మాత్రం మీ బూట్ల మీదికి వస్తుంది. ట్యాంక్‌లో సగం కంటే తక్కువ ఉన్న రోజు చూసుకోండి, ఎత్తడానికి నడుము కూడా సంతోషిస్తుంది.

తర్వాత ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) బోల్టులు తీసి దాన్ని వెనక్కి నెట్టండి. కార్బరేటర్లకి ముందు నాలుగు, వెనక నాలుగు క్లాంపులు. ఇవి చూడ్డానికి స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జపాన్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, రెండు తిప్పుల్లో తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి. ఆటోనగర్‌లో పన్నెండేళ్లు ఆ తేడా తెలీకుండానే స్క్రూ తలలు పాడుచేశాను నేను. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తియ్యండి. యాక్సిలరేటర్ కేబుళ్లు, చోక్ కేబుల్ ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో సాయంత్రానికి గుర్తుండదు.

కార్బరేటర్ల సెట్ మొత్తం ఒక్క ముక్కగానే వస్తుంది. అటూ ఇటూ ఊపుతూ వెనక్కి లాగాలి. పాత రబ్బర్లు బిగుసుకుని ఉంటాయి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలించకండి, అల్యూమినియం గీసుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో రబ్బర్లని రెండు నిమిషాలు వేడి చేస్తే మెత్తబడతాయి. బయటికి రాగానే హెడ్ వైపు నాలుగు రంధ్రాల్లో నాలుగు శుభ్రమైన గుడ్డలు కుక్కండి. నాలుగే, లెక్కపెట్టి. తిరిగి బిగించేటప్పుడు ఆ నాలుగూ బల్ల మీద కనిపించాలి.

ఇక్కడ కాసేపు ఆగాలి, నా మొదటి కిట్ చెడింది ఇక్కడే. హెడ్‌కి బిగించి ఉండే ఇన్‌లెట్ రబ్బర్ల వెనక సన్నటి ఓరింగులు ఉంటాయి. ఇరవయ్యేళ్ల వేడికి అవి గాజుగాజుల్లా గట్టిపడతాయి. వాటిని కదపకుండా వాషర్లు మాత్రం వేసి బండి ఇచ్చేశాను. మర్నాడు కుర్రాడు తిరిగొచ్చాడు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రేస్ అవుతూనే ఉంది, దిగడం లేదు. పక్క నుంచి దొంగ గాలి పీలుస్తోందన్నమాట. కిట్‌నే అనుమానించి ఒక పూట పాడుచేసుకున్నాను, తీరా చూస్తే ఓరింగులు. అప్పటి నుంచి రబ్బర్లు విప్పి, ఓరింగులు కొత్తవి వేసి, రబ్బరుని వేళ్లతో వంచి పగుళ్లు చూసిగానీ వాషర్ ముట్టుకోను. ఓరింగుల ఖర్చు కిట్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

వాషర్‌ని రబ్బరు లోపల, కార్బరేటర్ మూతి వచ్చి ఆనుకునే అంచు దగ్గర చదునుగా కూర్చోబెట్టాలి. ఏ ముఖం ఎటు ఉండాలో కిట్ కాగితంలో ఉంటుంది, నాలుగూ ఒకే వైపు. వేలితో చుట్టూ తడిమి చూడండి, ఎక్కడా ఎత్తుగా తగలకూడదు. ఒక్క వాషర్ ఒంకరగా కూర్చుందంటే ఆ సిలిండర్ ఒక్కటీ వేరే పాట పాడుతుంది. గుడ్డలు తీసి, లెక్కపెట్టి, రబ్బరు అంచులకి కొంచెం సబ్బునీళ్లు రాసి కార్బరేటర్లని నెట్టండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. నాలుగూ లోపలికి దిగినప్పుడు "టప్" మని చేతికి తెలుస్తుంది. తెలియలేదంటే దిగలేదన్నమాటే. క్లాంపులు ఊడకుండా ఉండేంతే బిగించండి.

కేబుళ్లు ఫోటో చూసి వేసి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి, యాక్సిలరేటర్ తనంతట తాను వెనక్కి వస్తుందో లేదో చూడండి. రాకపోతే బండి రోడ్డెక్కకూడదు. ట్యాంక్ పెట్టి, కాక్‌ని ఒక నిమిషం "ప్రైమ్"లో ఉంచితే ఖాళీ అయిన కార్బరేటర్లు నిండుతాయి. తర్వాత "ఆన్"కి తిప్పడం మర్చిపోకండి. బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక రబ్బర్ల చుట్టూ మంచినీళ్లు సన్నగా స్ప్రే చేసి చూడండి. ఐడ్లింగ్ మారిందంటే అక్కడ గాలి పీలుస్తోంది. కార్బరేటర్ క్లీనర్‌తో కొట్టి చూసేవాళ్లున్నారు. వేడి సైలెన్సర్ పైపు పక్కన మండే స్ప్రే నేను కొట్టను.

హ్యాండిల్ తిప్పుతూ ఐడ్లింగ్ మళ్లీ చూసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో మెల్లిగా లాగండి. కింద హాయిగా లాగి, పైన ఒక దగ్గర ఊపిరాడనట్టు ఆగిపోతుంది. కుదుపులు, మిస్ కొట్టడం ఉండకూడదు. మావాడు మొదటి రౌండ్ తిరిగొచ్చి హెల్మెట్ తీసి, "మావయ్యా, బానే ఉందే!" అన్నాడు, కొంచెం నిరాశగా. దాని నోరు నొక్కేశాం కాబట్టి నడవనే నడవదని అనుకున్నాడు పాపం. 47 గుర్రాలతో కూడా మోటార్‌వే మీద 70 మైళ్ల స్పీడ్ హద్దుని తేలిగ్గా దాటుతుంది. అందుకే పవర్ తగ్గింది కదా అని టైర్లు, బ్రేకుల మీద చిన్నచూపు వద్దని వాడికి ఆ రోజే చెప్పాను.

కుదిరితే డైనో మీద ఒకసారి ఎక్కించండి. అక్కడ వచ్చేది వెనక చక్రం దగ్గరి లెక్క. గేర్లలో, చైన్‌లో కొంత పోతుంది కాబట్టి 47 కంటే తక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి. చక్రం దగ్గరే 47 చూపించిందంటే కంగారు పడండి. కిట్‌తో వచ్చిన సర్టిఫికెట్ మీద బండి నంబర్, ఛాసీ నంబర్ రాసి, బిగించిన గ్యారేజీ స్టాంపు, సంతకం వేయించాలి. ఇంట్లో మీరే బిగించుకుంటే కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోవు, కిట్ కొనకముందే ఫోన్ చేసి అడగండి. బిగించాక ఇన్సూరెన్స్‌కి తప్పకుండా చెప్పాలి. సర్టిఫికెట్ ఫోటో ఫోన్‌లో, నకలు సీటు కింద, అసలు ఇంట్లో.

రెండేళ్లు గడిచాక "ఇంక తీసెయ్ అన్నా" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువ. 2013కి ముందు పాసైనవాళ్లకి రెండేళ్లు కాగానే ఆ హద్దు దానంతటదే పోయేది, ఆ మాట ఇప్పటికీ అన్నల నోటి నుంచి తమ్ముళ్లకి అందుతోంది. ఇప్పటి ఏ2కి అలా పోదు. మళ్లీ టెస్ట్ పాసై కొత్త లైసెన్స్ తెస్తేనే నేను కార్బరేటర్లు విప్పుతాను. తీసిన రోజు ఇన్సూరెన్స్‌కి మళ్లీ ఫోన్ చెయ్యండి. వాషర్లు ఎవరికైనా ఇస్తే ఇవ్వండి గానీ సర్టిఫికెట్ ఇవ్వకండి, దాని మీద ఉన్నది మీ బండి ఛాసీ నంబర్.